పుట్టకముందటి నెత్తురు

అక్క తన బిడ్డను చంకనేసుకుని నా గదికి వచ్చేనాటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఎనభైల చివర. నిజామాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. కంఠేశ్వర్‌లో ఒక ఇంటి మేడమీది గదిలో అద్దెకుండేదాన్ని. అక్కది బోధన్ పక్కన పల్లె. బావ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. బావ మాకు పరాయివాడు కాదు, మేనత్త కొడుకే.

మెట్లెక్కి వచ్చిన అక్క రొప్పుతోంది. ఎనిమిది నెలల పిల్ల మాత్రం అక్క భుజంమీద తల వాల్చి చప్పుడు చేయకుండా ఉంది. ఆ వయసు పిల్లలు కొత్త చోటికి వస్తే అటూ ఇటూ చూస్తారు, కళ్ళద్దాలు లాగుతారు. ఈ పిల్ల దేన్నీ చూడలేదు. కింది రెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం వేసినట్టుంది. పొట్ట ఎడమ పక్క గట్టిగా చేతికి తగిలింది.

"కామెర్లని ధర్పల్లిల పసరు పోయించినం," అంది అక్క. "మూడు ఐతారాలు పోయినం. తగ్గలే. నువ్వు గిసొంటియే సదివినవ్ గద, సూడు చెల్లె."

నేను చదివినవి కప్పలూ బొద్దింకలూ. ఆ మాట అనలేక పిల్లను తీసుకుని రెండు వీధుల అవతలున్న పిల్లల డాక్టరమ్మ దగ్గరికి నడిచాను. పెద్దావిడ. మాటలు తక్కువ. నెత్తురు తీసి హైదరాబాద్ పంపించింది. పది రోజుల తర్వాత కాగితం వచ్చింది. థలసీమియా.

ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "కడుపులో ఉన్నప్పుడు పిల్లల నెత్తురు వేరమ్మా. దానికి వేరే జీన్ ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకు అది ఆగిపోతుంది. పక్కనే ఉన్న ఇంకో జీన్ ఆ పని అందుకుంటుంది. మీ పాపకు ఆ రెండోదాంట్లో తప్పుంది. అందుకే మొదటి మూడు నాలుగు నెలలు బాగానే ఉంది."

"ఇప్పుడేం చేయాలి?"

"నెత్తురు ఎక్కించాలి. నెలకోసారి. తర్వాత మూడు వారాలకోసారి."

"ఎన్నాళ్ళు?"

ఆవిడ నావైపు చూసి కాగితం మడిచి నా చేతికిచ్చింది.

తల్లి దగ్గర ఒక తప్పు జీన్, తండ్రి దగ్గర ఒక తప్పు జీన్. రెండూ కలిసి బిడ్డకు చేరాయి. అక్కాబావలు ఒకే కుటుంబం కాబట్టి ఆ తప్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాలో లేదు. అక్కా నేనూ ఒకే తల్లి బిడ్డలం, ఒకే మంచంమీద పడుకుని పెరిగాం. అది అక్కకు వచ్చింది, నాకు రాలేదు. నా పరీక్ష కాగితం చాలా ఏళ్ళు అక్కకు చూపించలేదు. రెండో కాన్పు ఊసెత్తితే బావ లేచి బయటికి పోయేవాడు. ఆ ఇంట్లో ఇంకో పిల్ల పుట్టలేదు.

అప్పటినుంచి మొదట నెలకోసారి, తర్వాత మూడు వారాలకోసారి అక్క పొద్దున బోధన్ బస్సెక్కి వచ్చేది. నా పని నెత్తురిచ్చే మనిషిని వెతకడం. మా కాలేజీ లెక్చరర్లు, ఆఫీసులో అటెండరు, ఇంటి యజమాని తమ్ముడు, ఎవరు దొరికితే వాళ్ళను బతిమాలుకునేదాన్ని. ఫ్రిజ్‌లోంచి తీసిన నెత్తురు సంచీ చల్లదనం తగ్గాలని అక్క దాన్ని కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. సూది గుచ్చితే ఏడ్చే పిల్ల, సంచీ సగమయ్యేసరికి అన్నం అడిగేది. సాయంత్రానికి పెదాలు ఎర్రబడేవి. బస్సు కిటికీలోంచి నాకు చెయ్యూపేది. మూడో వారం వచ్చేసరికి మళ్ళీ గోడకానుకుని కూర్చునే పిల్ల అయిపోయేది.

తొంభైల మొదట్లో ట్రైనింగుకని హైదరాబాద్ వెళ్ళాను. క్లాసులు వదిలేసి లైబ్రరీలో కూర్చున్నాను. దొరికిన నాలుగు వ్యాసాలు జిరాక్స్ తీయించుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని నెల రోజులు చదివాను.

పదకొండో క్రోమోజోమ్ మీద ఈ నెత్తురు జీన్లు ఐదు పక్కపక్కనే వరుసగా ఉంటాయి. పిండం తొలి వారాల్లో ఒకటి, తర్వాత కడుపులో ఉన్నన్నాళ్ళూ రెండు, పుట్టాక మిగిలినవి పనిచేస్తాయి. ఏ జీన్‌కు ఆ జీన్ సొంతంగా గట్టిగా పనిచేయలేదు. వరుసకు కాస్త దూరంలో ఒక డీఎన్ఏ ముక్క ఉంటుంది. అది ఏ ప్రోటీన్‌నూ చేయదు. ఈ ఐదు జీన్లకూ బలమిచ్చేది అదే, అందరికీ ఉమ్మడి. ఒకటి దాని సాయం అందుకుంటున్నప్పుడు పక్కది ఆగుతుంది. ఇంకో దేశంలో ఒక కుటుంబం గురించి కూడా అందులో రాశారు. వాళ్ళ జీన్లకు ఏ దెబ్బా తగలలేదు. ఆ ఉమ్మడి ముక్క ఊడిపోయింది. అంతే, ఆ క్రోమోజోమ్ మీద నెత్తురు జీన్ ఒక్కటీ పలకలేదు. మా పిల్లకు ఆ ముక్క ఉంది. చిన్నప్పటి మంచి జీన్లూ ఉన్నాయి. ఒక్కొక్క కణంలో ఉన్నాయి. ఉండి, ఊరకే ఉన్నాయి.

ఆ దసరా సెలవుల్లో అక్క వాళ్ళింటి అరుగుమీద కూర్చుని చెప్పాను. క్రోమోజోమ్ అంటే అక్కకేం తెలుస్తుంది? నిజాంసాగర్ కాల్వ కింది ఊరు అది, నీళ్ళ వంతులు పుట్టుకతో తెలుసు.

"ఒక్కటే తూము అనుకో అక్కా. రెండు మళ్ళు పక్కపక్కకే ఉన్నయి. బిడ్డ కడుపుల ఉన్నప్పుడు మీది మడి వంతు. పుట్టినంక కింది మడి వంతు. అప్పుడు మీది మడికి నీళ్ళు బందు వెడ్తరు. మన బిడ్డకు కింది మడి సౌడు. నీళ్ళు వోయినా పండదు."

అక్క నావైపు జరిగింది. "మీది మడి మంచిదేనా?"

"మంచిదే."

"తూము?"

"అది గూడ మంచిదే."

"మరి నీళ్ళు మల్ల మీదికే మలపరాదా?"

"మలపనీకె ఎవరికీ వస్తలేదక్కా."

"సదువుకున్నోళ్ళకు గూడనా?"

"ఎవరికీ."

అక్క నన్ను చూసిన చూపులో నమ్మకం లేదు. అంత వివరంగా తెలిసినదాన్ని, ఇంత చిన్న పని తెలియదంటున్నానే అని. ఆ చూపు తర్వాత కూడా చాలాసార్లు చూశాను.

నెత్తురెక్కించే గదిలోనే అక్కకు ఒకామె కలిసింది, మేమంతా ఆపా అని పిలిచేవాళ్ళం. బోధన్‌లో వాళ్ళాయనకు తాళాలు బాగుచేసే దుకాణం ఉండేది. ఆమె బిడ్డకూ ఇదే జబ్బు, మా పిల్లకంటే ఏడాది చిన్నది. ఇద్దరు తల్లులూ ఒకే బస్సులో వచ్చేవాళ్ళు, ఒకే బస్సులో పోయేవాళ్ళు. డబ్బాలు మార్చుకుని తినేవాళ్ళు. పిల్లలిద్దరూ సూది లేని చేత్తో మంచంమీద అష్టాచెమ్మా ఆడేవాళ్ళు. ఆపా తెలుగు ఉర్దూ కలిపి మాట్లాడేది. "ఫికర్ జెయ్యకు అక్కా, మన పిల్లలు బడి సదువుతరు, షాదీలు జేస్కుంటరు, సూస్తుండు," అనేది.

మా పిల్లకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఆపా రాకడ తగ్గింది. మూడు వారాలు పోయి రెండు నెలలైంది. తర్వాత నాలుగు నెలలకోసారి. అక్కకు భయమేసింది, నెత్తురు మానేసి నాటుమందు వాడుతున్నారేమో అని. ఒకసారి ఇద్దరూ ఒకే రోజు డాక్టరమ్మ గదిలో కలిశారు. నేనూ ఉన్నాను. హైదరాబాద్ నుంచి వచ్చిన రెండు కాగితాలు బల్లమీద పక్కపక్కన ఉన్నాయి.

"ఇద్దరి జీన్‌లోనూ ఒకటే తప్పు," అంది డాక్టరమ్మ నాతో. "ఒకే చోట, ఒకే అక్షరం. కానీ ఆ పాపకు చిన్నప్పటి జీన్ పూర్తిగా మూసుకోలేదు. పుట్టకముందటి నెత్తురు ఇంకా తయారవుతూనే ఉంది. దాంతో నెట్టుకొస్తోంది."

"ఎందుకు మూసుకోలేదు?"

"తెలియదమ్మా."

ఆపా మా ముఖాలు చూస్తోంది. "క్యా బోలే డాక్టరమ్మ? మంచిదేనా?"

"మంచిదే ఆపా," అన్నాను.

ఆపా రెండు చేతులూ ముఖంమీద రాసుకుని అల్లాను తలుచుకుంది. అక్క కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయింది.

రెండు వారాల తర్వాత ఆపా నా గదికి వచ్చింది. బుర్ఖా పైకెత్తి మెట్లమీదే కూర్చుంది. "అక్క నాతోని మాట్లాడ్తలేదు. బస్సుల నన్ను సూసి ఎన్క సీటుకు వోయింది. నేనేం తప్పు జేసిన?"

"మీ తప్పేం లేదు ఆపా."

"మరి అక్కదా?"

"అక్కది గూడ కాదు."

"మరి ఎవరిది? ఎవరిదో ఒకరిది ఉండాలె గద."

నేను ఆమెకు మంచినీళ్ళిచ్చాను. వాళ్ళిద్దరినీ మళ్ళీ కలిపింది పిల్లలే. తర్వాతిసారి మంచంమీది నుంచి మా పిల్ల, "నువ్వు ఈడ కూసో, నా కాళ్ళు జరుపుత," అని ఆ పిల్లను పిలిచింది. పిల్లలు ఆడుకుంటుంటే తల్లులు ఎంతసేపని గోడలు చూస్తారు? అక్క డబ్బా మూత తీసి ఆపావైపు జరిపింది. కానీ మునుపటిలా కాలేదు. షాదీల మాట ఆపా మళ్ళీ ఎత్తలేదు.

మా పిల్లకు పదకొండు పన్నెండేళ్ళ వయసులో హైదరాబాద్‌లో ఒక డాక్టరు ఒక మందు గురించి చెప్పాడు. వేరే జబ్బుకు వాడే క్యాప్సూల్. కొందరిలో అది నిద్రపోయిన చిన్నప్పటి జీన్‌ను మళ్ళీ కదిలిస్తుందట. అందరిలో కాదు. ఎవరిలో కదులుతుందో ముందుగా చెప్పలేరు. ఇద్దరు పిల్లలకూ మొదలుపెట్టారు.

ఆ ఆరు నెలలు నేను మనిషిలా లేను. ప్రతి పరీక్షా నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మూడో నెలలో హిమోగ్లోబిన్ అంకె కొంచెం పైకి కదిలింది. నిజంగా కొంచెమే. నేను ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి అక్క వాళ్ళ పక్కింటికి ఫోన్ చేశాను.

"అక్కా, ఎక్కింది! నీళ్ళు మీది మడికి మర్లుతున్నయి."

ఫోన్లో అక్క ఊపిరి వినిపించింది. తర్వాత, "నిజమేనా చెల్లె?" అంది.

"నిజమే. ఈసారి నెత్తురు ఒక వారం ఆపి సూద్దం."

ఆ మాట నేను డాక్టరమ్మను అడిగి చెప్పలేదు. నేనే అనేశాను. లెక్చరర్ చెల్లెలు చెప్పిందని అక్క ఆపింది. ఎక్కించాల్సిన రోజు దాటిన ఐదో రోజు పొద్దున పిల్ల బడి ప్రేయర్‌లో పడిపోయింది. టీచర్లు ఆటోలో బోధన్ ఆస్పత్రికి, అక్కడినుంచి నిజామాబాద్‌కు తెచ్చారు. నేను కాలేజీ నుంచి చేరేసరికి ఆక్సిజన్ పెట్టారు. ముఖం మైనంలా ఉంది. ఆ చిన్న పెరుగుదల మందు వల్ల వచ్చింది కాదనీ, అంతకుముందు ఎక్కించిన నెత్తురే ఇంకా కొంత మిగిలి ఉండొచ్చనీ డాక్టరమ్మ తర్వాత నెమ్మదిగా చెప్పింది. నన్ను తిట్టలేదు. అక్క కూడా తిట్టలేదు. సంచీని కొంగులో చుట్టుకుని కూర్చుంది, నావైపు చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆరు నెలలకు మా పిల్లకు తెల్లకణాలు పడిపోతున్నాయని క్యాప్సూల్ ఆపేశారు. ఆపా బిడ్డకు అది పనిచేసింది. ఆ పిల్లకు ఆ తర్వాత నెత్తురు అవసరమే రాలేదు.

మా పిల్లకు పదమూడేళ్ళు నిండాక, వేసవి సెలవులకు వారం రోజులు నా గదిలో ఉంది. వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. నుదురు ఎముకలు ముందుకు వచ్చాయి. ఎక్కించిన నెత్తురులోని ఇనుము ఒంట్లో పేరుకుని చర్మం నల్లబడింది. ఆ ఇనుము తీసే సూది మందు పొట్టకు పెట్టుకోవాలి, గంటలు గంటలు. అది తనే పెట్టుకునేది, నాకు కనిపించకుండా అటు తిరిగి. నా పుస్తకాలు తిరగేసేది. ఒకరోజు మధ్యాహ్నం పల్లీలు ఒలుస్తూ అడిగింది.

"సిన్నమ్మా, నా లోపల మంచి జీన్ ఒకటుందని అమ్మ చెప్పింది. ఉన్నదా?"

"ఉంది."

"సచ్చిపోయిందా, పండుకున్నదా?"

"సచ్చిపోలేదు. ఊకున్నది."

"నేను కడుపుల ఉన్నప్పుడు పనిజేసింది గద?"

"జేసింది. పుట్టినంక గూడ మూడు నాలుగు నెలలు జేసింది."

పిల్ల ఒక గింజ నోట్లో వేసుకుని ఆలోచించింది. "అంటే నేను మంచిగున్నప్పటిది నాకు యాదికి లేదన్నమాట."

ఏడుస్తూ అనలేదు. లెక్క తేలినట్టు అంది. నేను లేచి వంటగదిలోకి వెళ్ళి ఊరికే గిన్నెలు సర్దాను. తిరిగి వచ్చేసరికి పల్లీలన్నీ ఒలిచి, పొట్టు కాగితంలో మడిచిపెట్టి, రేడియో పెట్టమంది.

ఇంకో రెండేళ్ళు బతికింది. పదో తరగతి పరీక్షలు రాసింది. ఆ వానాకాలంలో కాళ్ళు వాచాయి. గుండెకు ఇనుము పట్టిందన్నారు. నిజామాబాద్ ఆస్పత్రిలో తొమ్మిది రోజులు. పదో రోజు పొద్దున నేను ఇడ్లీ తేవడానికి కిందికి దిగాను. దుకాణం దగ్గర నలుగురు ఉన్నారు, ఆగాను. తిరిగి పైకి వచ్చేసరికి బావ వరండాలో గోడకు తల ఆనించి నిలబడ్డాడు. లోపల అక్క బిడ్డ పాదాలు పట్టుకుని ఉంది. కట్టిన పొట్లం నా చేతిలో వేడిగా ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాను.

మూడో రోజు అక్క వాళ్ళింటికి ఆపా వచ్చింది. బిడ్డను తేలేదు. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మని నేనంటే తల అడ్డంగా ఊపింది. అక్క లేచి వెళ్ళింది.

"పిల్లను తేలేదేంది?" అని అడిగింది.

"ఎట్ల తెస్త అక్కా? ఏ మొఖం పెట్టుకోని తెస్త?"

"నీ బిడ్డ మంచిగుంటే నాకెందుకు ఏడుపు ఆపా," అంది అక్క. అని, అక్కడే ఆమె భుజంమీద పడి ఏడ్చింది. అప్పటిదాకా అక్క ఏడవలేదు. నిజానికీ అబద్ధానికీ మధ్య అక్క చెప్పిన ఆ మాట ఎటు పడుతుందో నాకు తెలియదు. ఆపాకు తెలిసే ఉంటుంది. ఆమె అక్క వీపు నిమురుతూనే ఉంది.

ఆ తర్వాత నాలుగైదేళ్ళకు ఇంటర్నెట్ సెంటర్‌లో వేరే దేనికోసమో వెతుకుతుంటే ఒక వార్త కంటపడింది. చిన్నప్పటి నెత్తురు జీన్‌ను పుట్టాక మూసేది ఏమిటో కనుక్కున్నారు. ఒక ప్రోటీన్. దాన్ని ఆపగలిగితే ఆ జీన్‌కు మళ్ళీ ఉమ్మడి ముక్క సాయం అందుతుందట. ఇంకా మనుషుల దాకా రాలేదు, దారి మాత్రం కనిపించిందన్నారు. రెండుసార్లు చదివాను. ప్రింటు తీయించి మడిచి సంచీలో పెట్టుకున్నాను. వారం రోజులు అది సంచీలోనే ఉంది. అక్కకు చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోయాను. చెప్తే పుండు రేపినట్టు. చెప్పకపోతే, నీళ్ళు మలపరాదా అని ఆనాడు అక్క అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర దాచుకున్నట్టు.

ఆదివారం వెళ్ళాను. ఫ్యాక్టరీలో పని పోయాక బావ చెరుకు లారీల వెంట తిరిగేవాడు, ఇంట్లో లేడు. అక్క చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన కూర్చుని చెప్పాను. ఈసారి ఏ పోలికా లేకుండా ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

అక్క చేతులు ఆగలేదు. ఒక బీడీ చుట్టి, కొన మడిచి, దారం కట్టింది.

"ఇగ నుంచి పుట్టెటోళ్ళకు పనికొస్తదా?"

"వస్తది అక్కా. ఎన్నేండ్లకో తెల్వదు. వస్తది."

"మంచిది."

ఇంకో ఆకు తీసింది. కత్తెరతో అంచు కోసింది. కోసిన ఆకును చాటలో పెట్టి, లేచి లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసుకుంది. నేను వెనకాల వెళ్ళలేదు. ఎండ అరుగుమీదికి వచ్చింది. చాటను నీడలోకి జరిపి, అక్క వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.